కిలో లెక్కన అదృష్టం

ఫోన్‌లో నాలుగు రీల్స్ జరిపితే చాలు, టేబుల్ మీద సంచీ బోర్లించే వీడియో ఒకటి తగులుతుంది. గలగలమంటూ నాణేలు. ఐదు పైసలు, పది పైసలు, పావలాలు, అర్ధరూపాయలు. కింద ‘ఎవరూ వెతకని పాత నాణేలు, కిలోల లెక్కన, దేశమంతా డెలివరీ’ అని రాసి ఉంటుంది. ఆ కుప్పలో లక్షలు చేసే నాణెం ఒక్కటుంటే? చూసే ప్రతివాడికీ వచ్చే ఆలోచన ఇదే.

మా పిన్ని కొడుక్కీ వచ్చింది. “అన్నా, పది కిలోలు పద్నాలుగు వేలట. కొననా?” అని మెసేజ్ పెట్టాడు. ఇంకెవరైనా అయితే నవ్వి ఊరుకునేవాణ్ని. వాడి పరిస్థితి వేరు. బీటెక్ అయిపోయింది. క్యాంపస్‌లో ఉద్యోగం వచ్చింది కానీ జాయినింగ్ డేట్ వాయిదాల మీద వాయిదాలు పడుతోంది. ట్యూషన్లు చెప్పి దాచుకున్న ఇరవై వేలే వాడి మొత్తం ఆస్తి. అందుకే వద్దు అని ఒక్క మాటతో తేల్చకుండా, ఆదివారం ఇద్దరం కూర్చుని లెక్క వేశాం. ఇలాంటి సంచీ మీద మీకూ మనసు పడి ఉంటే ఆ లెక్క మీకూ పనికొస్తుంది.

ముందు సంచీలో ఎన్ని నాణేలుంటాయో చూద్దాం. ఖడ్గమృగం బొమ్మ ఉన్న స్టీలు పావలా గుర్తుందా? అది సుమారు 2.8 గ్రాములు. పది కిలోలూ అవే అనుకుంటే దాదాపు 3,500 నాణేలు. పద్నాలుగు వేలను 3,500తో భాగిస్తే ఒక్కోటి 4 రూపాయలు. అంటే పావలా ఇచ్చి రూపాయి లాగుదామనుకున్నవాళ్లం, నాలుగు రూపాయలిచ్చి పావలా కొంటున్నాం. పైగా 25 పైసలు, అంతకంటే చిన్న నాణేలు 2011 జూన్ 30 నుంచి చెల్లుబాటులో లేవు. సంచీలో ఏమీ దొరకకపోతే బ్యాంకుకు తీసుకెళ్లి మార్చుకుందామన్నా కుదరదు.

ఇక మన టైం. ఒక్కో నాణేన్ని రెండు వైపులా తిప్పి, సంవత్సరం చూసి, పక్కన పెట్టడానికి పది సెకన్లు వేసుకుందాం. 3,500 నాణేలకు దాదాపు 10 గంటలు. పెట్టిన డబ్బు వెనక్కి రావాలంటే, ఒక్కోటి 500 రూపాయలకు అమ్ముడుపోయే నాణేలు అందులో 28 ఉండాలి. ప్రతి 125 నాణేలకు ఒకటి చొప్పున. అప్పటికి లాభం సున్నా. మన పది గంటలకు, ఫొటోలు తీసి, బేరాలాడి, పార్శిల్ కట్టే శ్రమకు కూలీ కూడా రాలేదు.

“ఉండొచ్చు కదన్నా?” అన్నాడు వాడు. అసలు ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది. నిజంగా 125కి ఒకటి చొప్పున మంచి నాణెం దొరికే సంచీ అయితే, అమ్మేవాడు దాన్ని మనకెందుకు అమ్ముతాడు? పది గంటలు వాడే కూర్చుని ఏరుకుంటాడు కదా! మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, మన చేతికొచ్చేది రా డేటా కాదు, ఎవరో ఫిల్టర్ రన్ చేశాక మిగిలిన అవుట్‌పుట్. పాత సామాన్లు కొనే బండివాడు ఒకసారి చూసి ఉంటాడు. అతని దగ్గర కొన్న హోల్‌సేల్ వ్యాపారి ఒకసారి. ఆ తర్వాత ఆన్‌లైన్‌లో పెట్టినవాడు. మనది నాలుగో చెయ్యి. సరుకు గురించి అమ్మేవాడికి తెలిసినంత కొనేవాడికి తెలియకపోతే బజారు ఎలా పాడవుతుందో జార్జ్ అకెర్లాఫ్ 1970లో పాత కార్లను ఉదాహరణగా తీసుకుని రాశాడు. 2001లో ఆయనకు ఎకనామిక్స్ నోబెల్ వచ్చింది. ఆ కార్ల చోట నాణేల సంచీని పెట్టి చూడండి, లెక్క మారదు.

వెండి సంగతి చూడండి. బ్రిటిష్ కాలం నాటి రూపాయి 11.66 గ్రాములు, అందులో నూటికి 91 పాళ్లకు పైగా వెండే. 1940లో వెండిని సగానికి తగ్గించారు, 1947 రూపాయికి వచ్చేసరికి మొత్తం నికెలే. పాత వెండి రూపాయి చేతిలో పడితే, నాణేల గురించి ఏమీ తెలియనివాడికి కూడా బరువు, మోత చెప్పేస్తాయి. నగల దుకాణంలో దానికెప్పుడూ ఒక రేటు ఉంటుంది. అలాంటిదాన్ని అల్యూమినియం పైసల్లో కలిపి కిలోల లెక్కన అమ్మేంత అమాయకుడు ఈ వ్యాపారంలో నిలబడలేడు.

మరి ‘ఈ నాణెం మీ దగ్గరుంటే లక్షలు’ అనే వీడియోల సంగతేంటి? వాటిలో ఎక్కువగా కనిపించేది వైష్ణోదేవి బొమ్మ ఉన్న 2012 నాటి ఐదు, పది రూపాయల నాణేలు, మన ఖడ్గమృగం పావలా. అవి మామూలు చలామణీకి వచ్చినవే, మీ ఇంట్లో డబ్బాలోనూ ఉండొచ్చు. అడిగే ధర వేరు, అమ్ముడుపోయే ధర వేరు. వెబ్‌సైట్‌లో ఎవరైనా ఎంతైనా పెట్టుకోవచ్చు, కొనేవాడు రావాలిగా. కొంటామని వచ్చేవాళ్లలోనూ మోసగాళ్లుంటారు. ‘మీ నాణేనికి లక్ష ఇస్తాం, ముందు కమీషన్ కట్టండి, ట్యాక్స్ కట్టండి’ అంటారు. రిజర్వ్ బ్యాంక్ పేరు, లోగో కూడా వాడేస్తారు. పాత నాణేల కొనుగోళ్లతో తమకు సంబంధం లేదని, వాటికోసం ఎవరి దగ్గరా కమీషన్లు అడగబోమని 2021 ఆగస్టులో ఆర్‌బీఐ స్వయంగా హెచ్చరించింది.

ఇంకో రకం ఉంది. ఒకవైపు రామ పట్టాభిషేకమో హనుమంతుడో, మరోవైపు ‘ఈస్టిండియా కంపెనీ 1818’. ఈస్టిండియా కంపెనీ చలామణీకి అలాంటి నాణెం ఎప్పుడూ వెయ్యలేదు. తర్వాతి కాలంలో ఎవరో తయారుచేసిన బిళ్లలవి. ఇదే బాపతు నాణేలను, చెంబులను చూపించి ‘బియ్యాన్ని లాగుతాయి, కోట్లు పలుకుతాయి’ అంటూ మన రెండు రాష్ట్రాల్లోనూ రైస్ పుల్లింగ్ ముఠాలు ఎంతమందిని ముంచాయో వార్తల్లో చూస్తూనే ఉన్నాం. సంచీలో ఇలాంటిది దొరికితే మురిసిపోకండి.

ఇంత చెప్పాక, నాణేలు వెతకడమే దండగ అని నేనంటున్నానా? లేదు. ఆ సరదా నాకూ ఉంది. జేబులో నాణెం తీసి సంవత్సరం కింద చూడండి. చిన్న నక్షత్రం ఉంటే అది మన హైదరాబాద్‌ది. డైమండ్ గుర్తుంటే ముంబయి, గుండ్రటి చుక్క ఉంటే నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా. హైదరాబాద్ నాణేలు ఇప్పుడు చర్లపల్లి మింట్‌లో తయారవుతాయి. సైఫాబాద్‌లోని పాత మింట్‌లో మ్యూజియం పెట్టారు, వీలైతే వెళ్లండి. 1911లో ఐదో జార్జి రూపాయి మీద రాజు వేసుకున్న హారంలో బుల్లి ఏనుగును చెక్కితే, తొండం పొట్టిగా ఉండి అది పందిలా కనిపించిందట. జనం గొడవ చేశారు. ప్రభుత్వం ఆ రూపాయిల విడుదల ఆపేసి, మరుసటి ఏడాది ఏనుగును సరిగ్గా చెక్కించింది. గోరంత బొమ్మలో ఇంత కథ. ఇది తెలిసిన కన్ను వేరు, తెలియని కన్ను వేరు. ఆ కన్ను సంచీతో పాటు డెలివరీ కాదు.

కాబట్టి కొనాలా వద్దా అంటే, నేను వాడికి చెప్పింది ఇది. పెట్టిన డబ్బంతా పోయిందనుకో, ఆ పది గంటలు సరదాగా గడిచాయి చాలు అనగలవా? అనగలిగితే ఒక్క కిలో కొనుక్కో, సినిమా టికెట్ కొన్నట్టు. అనలేకపోతే నువ్వు కొంటున్నది నాణేలు కాదు, ఆశ. ఆశను కిలోల్లో కొనకూడదు.

దీనికంటే మంచి దారి కూడా ఒకటుంది. వెయ్యి రూపాయలు తీసుకెళ్లి బ్యాంకులో పది రూపాయల నాణేలు అడగండి. ఈ పది రూపాయల నాణేలు 14 డిజైన్లలో ఉన్నాయి, అన్నీ చెల్లుతాయని 2018 జనవరిలో ఆర్‌బీఐ చెప్పింది. అయినా మన దగ్గర చాలా కొట్లలో తీసుకోవడం లేదన్నది వేరే బాధ. ఆ 14లో మీ చేతికి ఎన్నొచ్చాయో, ఏ మింటువో చూసుకుని, నచ్చినవి ఉంచుకుని, మిగతావి ఖర్చుపెట్టండి, లేదా బ్యాంకులోనే తిరిగి వేసెయ్యండి. వెతికిన సరదా మొత్తం మిగులుతుంది, వెయ్యి రూపాయలూ వెయ్యి రూపాయల్లాగే ఉంటాయి.

ఏ నాణెం దొరికినా చింతపండు పెట్టి మాత్రం తోమకండి. ఇత్తడి బిందె మెరిస్తే అందం, పాత నాణెం మెరిస్తే విలువ పడిపోతుంది.

లెక్క అయిపోయాక మావాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, “లక్షలు రావని నాకూ తెలుసన్నా. రోజూ మెయిల్ ఓపెన్ చేసి ఏమీ లేదని మూసేస్తున్నా. ఒక్కసారైనా వెతికితే ఏదో ఒకటి దొరకాలనిపించింది” అన్నాడు. దానికి నా దగ్గర ఫార్ములా లేదు. పద్నాలుగు వేలు అకౌంట్‌లోనే ఉంచాడు. మర్నాడు మాత్రం వెయ్యి రూపాయలకు నాణేలు తెచ్చుకున్నాడు. రాత్రి పదకొండింటికి ఫొటో పంపాడు. మంచం మీద వరసగా పది రూపాయల నాణేలు, కింద ఒకే ఒక్క లైను: “తొమ్మిది డిజైన్లు అయ్యాయి, ఇంకా ఐదు.”