మూత తీసేముందు గది వేడి చూడండి

వైశాఖ, జ్యేష్ఠ మాసాలు వచ్చాయంటే మొవ్వ, కూచిపూడి, పామర్రు, గుడివాడ ఫొటో స్టూడియోల్లో కంప్యూటర్లకు కంటిమీద కునుకుండదు. పెళ్లి ముహూర్తాలు ఎక్కువగా అప్పుడే. మూడు నాలుగు కెమెరాలతో తీసిన ఫోర్‌కే వీడియోను కలపాలి, రంగులు సరిచేయాలి, పాటలు జోడించాలి, తెల్లారేలోగా రెండరింగ్ అయిపోవాలి. ఏడాది మొత్తంలో యంత్రానికి పని ఎక్కువగా ఉండేదీ, రోహిణి కార్తెలో రోళ్లు పగిలేదీ ఒకే కాలం. బందరు దాకా ఎండ 40 దాటే రోజులవి. మేడమీద గదిలో, పైన శ్లాబు సెగ కక్కుతుంటే, ప్రాసెసర్ వేడి 100 డిగ్రీల దగ్గరికి చేరుతుంది. అక్కడ అది తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. రాత్రి రెండు గంటలకు అయిపోవాల్సిన వీడియో పొద్దున్నకి కూడా తెమలదు.

ఇలాంటప్పుడే స్టూడియోలో పనిచేసే కుర్రాళ్లు ఫోన్ తీసి ఒక వీడియో చూపిస్తారు. ప్రాసెసర్ మీదుండే లోహపు మూతను ఊడదీసి, కింద చిప్‌కు ద్రవలోహం పూసి, వేడిని ఒక్క దెబ్బకు 15, 20 డిగ్రీలు దించిన వీడియో అది. డీలిడ్డింగ్ అంటారు దీన్ని. మనమూ చేద్దామా అన్నది వాళ్ల ప్రశ్న. చాలా మంచి ప్రశ్న. ఊరికే వద్దని కొట్టిపారేస్తే కుర్రాళ్ల కుతూహలాన్ని అవమానించినట్టవుతుంది. అందుకే ఈ వారం శీర్షిక మొత్తం దీనికే.

ముందు ఆ మూత ఎందుకొచ్చిందో చూద్దాం. 2000 ప్రాంతంలో వచ్చిన పెంటియం 3 కాపర్‌మైన్, ఏఎమ్‌డీ అథ్లాన్ చిప్‌లకు మూత లేదు. సిలికాన్ ముక్క బయటికే కనిపించేది. దాని మీద కూలర్‌ను కాస్త వంకరగా బిగిస్తే మూల చిట్లిపోయేది, చిప్ చచ్చేది. 2001లో పెంటియం 3 టువలాటిన్‌కు ఇంటెల్, 2003లో అథ్లాన్ 64కు ఏఎమ్‌డీ మూత పెట్టాయి. రాగి పలక, పైన నికెల్ పూత. రాగి మీద సన్నటి లోహపు పూత ఎంత పని చేస్తుందో చిలకలపూడి నగల పనివాళ్లున్న ప్రాంతంలో నేను విడమరచి చెప్పక్కర్లేదు. మూతకు రెండు పనులు: చిప్‌ను చిట్లకుండా కాపాడటం, గోరంత సిలికాన్‌లో పుట్టే వేడిని వెడల్పుగా పరిచి కూలర్‌కు అందించడం.

చిప్‌కీ మూతకీ మధ్య ఏముందన్నదే అసలు సంగతి. 2011 నాటి ఇంటెల్ కోర్ ఐ7-2600కెలో అక్కడ టంకం ఉండేది. ఇండియం అనే మెత్తని లోహంతో వేసిన టంకం. 2012 ఏప్రిల్‌లో వచ్చిన ఐ7-3770కెలో టంకం పోయి మామూలు పేస్టు వచ్చింది. ఇండియంలో వేడి ఎంత సులువుగా పారుతుందో అందులో పదో వంతు కూడా పేస్టులో పారడం కష్టం. దానికి తోడు మూతను అంటించిన నల్లటి సిలికోన్ జిగురు మందంగా ఉండి, మూత చిప్‌ను దగ్గరగా తాకకుండా చేసేది. మన డెల్టా రైతుకు ఇది తెలిసిన కథే: కింద పిల్లకాలువలు ఎంత వెడల్పు చేసినా, పైన తూము ఇరుకైతే శివారు చేలకు నీళ్లు చేరవు. పైన ఎంత ఖరీదైన కూలర్ బిగించినా, లోపలి ఇరుకు తూము దాటి వేడి బయటికి రావడం లేదు.

చేతిపనితనం ఉన్నవాళ్లు ఆ ఇరుకును కనిపెట్టారు. షేవింగ్ బ్లేడుతో జిగురు కోసి మూత తీశారు. బల్లకు బిగించిన వైస్‌లో పెట్టి చెక్కముక్కతో కొట్టి తీశారు. డెర్‌బౌవర్ పేరుతో ప్రసిద్ధుడైన జర్మన్ రోమన్ హార్టుంగ్ ఇందుకోసం ప్రత్యేక పనిముట్టునే తయారుచేశాడు. పేస్టు తుడిచి, గాలియం, ఇండియం, తగరం కలిసిన ద్రవలోహం పూస్తే 7700కె, 8700కె లాంటి చిప్‌లు 15 నుంచి 20 డిగ్రీలు చల్లబడ్డాయి. చిప్‌లో లోపం లేదని, పొదుపు చేసిన చోటే లోపముందని లోకానికి రుజువైంది. 2017లో 7700కె వేడి మీద ఫిర్యాదులు వచ్చినప్పుడు ఇంటెల్ ఇచ్చిన సలహా ఏమిటంటే, వేగం పెంచకండి, మూత తీయకండి, వారంటీ పోతుందని. వేగం పెంచుకోవచ్చని చెప్పి, అందుకు అదనపు ధర తీసుకుని అమ్మిన చిప్ అది! ఆ జవాబు నాకు అన్యాయంగానే తోచింది, ఇప్పటికీ అంతే. చివరికి 2018 అక్టోబరులో 9900కెతో ఇంటెల్ మళ్లీ టంకానికి వచ్చింది. మూతలు తీసినవాళ్ల గెలుపుగానే నేను దాన్ని లెక్కవేస్తాను. కొన్న వస్తువును విప్పి చూసే హక్కు కొన్నవాడికి ఉండాలనడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం అక్కర్లేదు.

అయినా మన స్టూడియో కుర్రాడికి నా జవాబు వద్దనే. ఎందుకో లెక్కతో చెబుతాను.

రెండరింగ్‌లో ప్రాసెసర్ 150 వాట్లు తాగుతోందనుకోండి. చిప్ నుంచి గది గాలి దాకా ఒక్కో వాటుకు 0.4 డిగ్రీ చొప్పున వేడి పెరుగుతుందనుకోండి. అంటే చిప్ ఎప్పుడూ గది కంటే 60 డిగ్రీలు ఎక్కువ. ఆ వీడియో తీసిన చలిదేశపు గదిలో 22 ఉంటే చిప్ 82 దగ్గర హాయిగా ఉంటుంది. మే నెలలో మన మేడగదిలో 40 ఉంటే నేరుగా 100. ఇప్పుడు మూత తీసి ద్రవలోహం పూసి వాటుకు 0.4ను 0.3కి తెచ్చామనుకుందాం. వేడి 85కి దిగుతుంది. బాగుంది. కానీ మూత జోలికి పోకుండా అదే గదిని ఏసీతో 25కి తెచ్చినా చిప్ సరిగ్గా ఆ 85 దగ్గరే ఉంటుంది. గాలితో చల్లబరిచే ఏ కూలరైనా గది గాలి కంటే చల్లగా చేయలేదు. గది వేడెక్కిన ప్రతి డిగ్రీ చిప్ మీదికి ఎక్కుతుంది.

ఇక ఓవర్‌క్లాకింగ్, అంటే చిప్‌ను దాని మామూలు వేగం కంటే ఎక్కువగా పరిగెత్తించడం. వేగం పెంచాలంటే సాధారణంగా వోల్టేజీ కూడా పెంచాలి. చిప్ తాగే కరెంటు వేగాన్ని బట్టి నేరుగా, వోల్టేజీని బట్టి వర్గంగా పెరుగుతుంది. వేగం 10 శాతం, వోల్టేజీ 10 శాతం పెంచితే వాట్లు 33 శాతం పెరుగుతాయి. 150 కాస్తా 200 అవుతుంది. మూత తీసిన చిప్‌కే, 0.3 చొప్పున, 60 డిగ్రీలు. గది 40. మళ్లీ 100! ఇంత కష్టపడి, వారంటీ వదులుకుని, చిప్ పోతుందేమోనన్న భయం భరించి మనం కొనుక్కున్నది పదోవంతు వేగం. వేడి మాత్రం మొదలుపెట్టిన చోటే ఉంది.

అదే లెక్కను తిరగేయండి. వేగం అలాగే ఉంచి వోల్టేజీ 10 శాతం తగ్గిస్తే వాట్లు 19 శాతం తగ్గుతాయి. మూత తీయకుండానే 11 డిగ్రీల దాకా దిగుతుంది. అండర్‌వోల్టింగ్ అంటారు దీన్ని. అన్ని చిప్‌లూ, అన్ని మదర్‌బోర్డులూ ఒప్పుకోవు, ఒప్పుకున్నవాటిలో ఎంతవరకు నిలబడుతుందో కొంచెం కొంచెంగా తగ్గిస్తూ పరీక్షించాలి. తేడా వస్తే యంత్రం ఆగిపోతుంది, పాత సెట్టింగు పెట్టుకోవచ్చు. చిప్ చావదు. కరెంటు పోయినప్పుడు యూపీఎస్ కూడా కాస్త ఎక్కువసేపు లాగుతుంది. మన ఎండలకు అసలైన విద్య ఇదని నా గట్టి నమ్మకం.

కొందరు ఇంకో దారి వెతుకుతారు: వాటర్ కూలర్ నీళ్లలో ఐసు వేయడం. దివిసీమ గాలిలో దయచేసి ఆ పని చేయకండి. సముద్రం పక్కన వేసవి గాలిలో తేమ ఎంతంటే, 20 డిగ్రీల నీళ్లు పారే గొట్టం మీద కూడా చెమటలా నీటిబొట్లు పడతాయి. ఆ బొట్టు మదర్‌బోర్డు మీద పడితే కథ ముగిసినట్టే.

మూత తీయడంలోని ప్రమాదాలు కూడా ఇప్పుడు పెరిగాయి. పేస్టు చిప్‌ల కాలంలో బ్లేడు జారితే కింది బోర్డు తెగేది. 2015 నాటి ఇంటెల్ స్కైలేక్ చిప్‌ల నుంచి ఆ బోర్డు మరీ పలుచన. ఇప్పటి టంకం చిప్‌లది వేరే కష్టం. ఇండియం కరగాలంటే 157 డిగ్రీలు కావాలి. వేడి చేయకుండా లాగితే మూతతో పాటు సిలికాన్ కూడా ఊడి రావచ్చు. 2022 నాటి ఏఎమ్‌డీ రైజెన్ 7000 మూత అంచుల పక్కనే చిన్న చిన్న కెపాసిటర్లు బారులు తీరి ఉంటాయి. ద్రవలోహంలో కరెంటు పారుతుంది కాబట్టి ఒక్క చుక్క వాటి మీద పడినా షార్టే. అనుభవజ్ఞులు ముందుగా రంగులేని గోళ్ల పాలిష్ పూసి వాటిని కప్పుతారు. ఇంకొక ముఖ్యమైన మాట: గాలియం అల్యూమినియాన్ని తినేస్తుంది. మూత లేకుండా నేరుగా చిప్ మీద కూలర్ పెట్టేవాళ్లు, కూలర్ అడుగు అల్యూమినియం అయితే, ద్రవలోహం అసలు ముట్టకూడదు. చవక కూలర్లలో చాలావాటి అడుగు అల్యూమినియమే.

వారంటీ సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ చిప్‌లు అధిక వోల్టేజీ వల్ల లోలోపల పాడైపోతున్నాయని 2024లో బయటపడింది. కంపెనీ ఆగస్టులో మైక్రోకోడ్ సవరణ ఇచ్చి, వారంటీని రెండేళ్లు పెంచి ఐదేళ్లు చేసింది. చల్లగా ఉంచినంత మాత్రాన తీరే జబ్బు కాదది. మూత తీయనివాళ్లు చిప్ మార్చి ఇమ్మని అడగగలిగారు. మూత తీసినవాళ్లకు ఆ దారి మూసుకుపోయింది.

తయారీదారులూ ఊరుకోలేదు. 2024 నవంబరులో వచ్చిన రైజెన్ 7 9800ఎక్స్3డీలో ఏఎమ్‌డీ పైనుండే అదనపు క్యాష్ పొరను లెక్కలు చేసే పొర కిందికి మార్చింది. వేడి పుట్టే చోటు కూలర్‌కు దగ్గరైంది. అంతకుముందు అలాంటి చిప్‌లలో లేని ఓవర్‌క్లాకింగ్ స్వేచ్ఛ కూడా దానితో వచ్చింది. వేడి దారిని వెడల్పు చేయాల్సింది తయారయ్యే చోటే, మన బల్ల మీద కాదు.

ఇంతా చెప్పి ఈ విద్యను మరచిపొమ్మని అనను. 1926లో ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీ పుట్టిన ఊరు బందరు. 1983లో అది భారత్ ఎలక్ట్రానిక్స్ చేతికి వచ్చింది, ఇప్పుడు మన పామర్రు పక్క నిమ్మలూరులో నైట్‌విజన్ పరికరాల కర్మాగారం దాకా ఎదిగింది. సున్నితమైన పరికరాన్ని విప్పి, అర్థం చేసుకుని, మళ్లీ బిగించగల చేతులు ఈ నేలకు కొత్తేం కాదు. గుడ్లవల్లేరు, బందరు ఇంజనీరింగ్, పాలిటెక్నిక్ అధ్యాపకులకు నా విన్నపం ఇది: కాలేజీ ల్యాబుల్లో చచ్చి మూలనపడ్డ ప్రాసెసర్లు ఉంటాయి. వాటిని చెత్తకు తూచి అమ్మకండి. పిల్లల చేతికివ్వండి. వైస్‌లో పెట్టి మూత తీయనివ్వండి, జిగురు మందం కొలవనివ్వండి, పేస్టుకీ టంకానికీ తేడా కళ్లతో చూడనివ్వండి. వేడి ఎలా ప్రయాణిస్తుందో పుస్తకంలోని సూత్రం కంటే అది బాగా నేర్పుతుంది.

స్టూడియోల వాళ్లకు, ఇంట్లో ఒకే కంప్యూటర్ ఉన్న విద్యార్థులకు మాత్రం వేరే మాట. ముహూర్తాలు మొదలవకముందే యంత్రం విప్పించి కూలర్ రెక్కల్లో దుమ్ము బ్లోయర్‌తో కొట్టించండి. మిల్లుల దగ్గర ఉండేవాళ్లకు ఊక దుమ్ముతో ఇది మరీ అవసరం. ఎండిపోయిన పేస్టు తుడిచి కొత్తది వేయండి. కంప్యూటర్ పెట్టెను బల్ల అరలోంచి బయటికి తీసి గాలి ఆడే చోట పెట్టండి. వోల్టేజీ తగ్గించి చూడండి. బరువు రెండరింగ్ రాత్రి చల్లబడ్డాక మొదలుపెట్టండి. మీకు అన్నం పెట్టే ప్రాసెసర్ మూత జోలికి మాత్రం పోకండి.