ఊరిలో వార్త నడచు త్రోవ

“ఊరంతటికి తెలిసిన మాటే గదా!” యని మనము దినమునకు పదిమార్లు పలుకుచుందుము. ఆ “ఊరంతయు” ననగా నెవరెవరో విచారించి పలుకువారు మాత్రము మిక్కిలి యరుదు. నాకు తెలిసినది, నా ప్రక్క యింటివానికి తెలిసినది, టీ దుకాణమున నలుగురును చెప్పుకొన్నది, అంతయు నూరికి తెలిసినట్లే యని మన నమ్మకము. ఈ నమ్మకము తప్పనియు, ఈ తప్పు వలననే కొందఱు గ్రామవ్యవహారములకు దూరమగుచున్నారనియు నా యభిప్రాయము. ఇది గ్రంథములు చదివి మాత్రమే యేర్పఱచుకొన్నది గాదు. నా యపరాధమే నాకీ పాఠమును నేర్పినది.

కొన్ని సంవత్సరముల క్రిందట నేను కాపురముండు గ్రామమున, ఇండ్ల స్థలములకు అర్హులైనవారి జాబితాను చదివి వినిపించుటకు గ్రామసభ యేర్పాటయ్యెను. పంచాయతి కార్యాలయపు గోడకు కాగితము నంటించిరి. రెండు దినములు ముందుగా సాయంకాలమున చాటింపు వేయించిరి. తప్పెట మ్రోత బజారులో వినబడెను గాని కాలువ కావలనున్న పేటకు చేరలేదు. ఆ వేళకు పేటవారిలో పెక్కుమంది మిరపకోతలకు పోయి యింకను తిరిగి రాలేదు. నేనా సంగతిని టీ దుకాణమున వింటిని. మఱునాడు నా తరగతిలో పేటపిల్లలు పదునొకండుగురు నా యెదుటనే కూర్చుండి యుండిరి. వారితో నొక్క మాట చెప్పిన చాలియుండెడిది. అందఱకును తెలిసియే యుండునని నేనూరకుంటిని.

సభలో పేటవారొక్కరును కానరాలేదు. “వారికి శ్రద్ధ లేదండీ” యని యొక పెద్దమనిషి యనెను. నేను తల యూచితిని. మూడు దినములు గడచిన పిమ్మట నా విద్యార్థినులలో నొకతె తల్లి, కూలిపని చేసికొని బ్రదుకునామె, బడి గుమ్మమున నిలిచి, “మేష్టారూ, మీటింగు సంగతి మాకెవరూ చెప్పలేదండి. తమరిక్కూడా తెలవదా?” యని యడిగెను. నాకు మాట రాలేదు. ఆ సంవత్సరము జాబితా మారలేదు. ఆమె పేరందులో లేదు.

రాజ్యాంగపు 73వ సవరణ 1993వ సంవత్సరము ఏప్రిల్ 24వ తేదీన అమలులోనికి వచ్చెను. దాని ప్రకారము గ్రామపు ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి వ్యక్తియు గ్రామసభకు సభ్యుడే. హక్కు అందఱకును సమానముగ నున్నది. వార్త మాత్రము సమానముగ నందుట లేదు. పిలుపు చేరనివానికి హక్కుండియు ఫలమేమి?

వార్తకు కాళ్లు లేవు. అది మనుష్యుల కాళ్లతో నడచును. ఎవరు ఎవరి యరుగుపై కూర్చుందురో, ఎవరు ఎవరింటి పెండ్లికి పోవుదురో, ఏ స్త్రీలు ఏ బోరింగుకడ బిందెలు దించుదురో, ఆ త్రోవలనే యదియు పోవును. పాలకేంద్రమున పుట్టిన మాట గేదెలున్న యిండ్లకు చేరును. ఆదివారము ఆరాధనానంతరము మా గుడిలో చెప్పెడు ప్రకటన మా సంఘస్థులకు చేరి యక్కడనే యాగిపోవును. ఎవరి వలయము వారిదే. ఒక వలయమున నొక మాట పదిమార్లు తిరుగును. దాని ప్రక్క వలయమున నొక్కమారైనను వినబడదు. అమెరికా దేశపు సమాజశాస్త్రజ్ఞుడు మార్క్ గ్రనోవెటర్ 1973లో నొక వ్యాసమున నీ సంగతినే విశదపఱచెను. మన యాప్తులకు తెలిసినది సామాన్యముగ మనకును తెలిసియే యుండును. క్రొత్త వార్తను దెచ్చువాడు కొలది పరిచయము గలవాడే, ఏలయన నతడు వేఱొక వలయమునుండి వచ్చును.

మన ప్రక్కనున్న కర్ణాటక గ్రామములలో నీ విషయమై గొప్ప పరిశోధన జరిగినది. 2019లో అర్థశాస్త్రమునందు నోబెల్ బహుమానమును పొందిన అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో గార్లును, అరుణ్ చంద్రశేఖర్, మాథ్యూ జాక్సన్ గార్లును కలిసి, చిన్న ఋణములిచ్చు నొక సంస్థ వార్త 43 గ్రామములలో నెట్లు వ్యాపించెనో పరిశీలించి 2013లో ప్రకటించిరి. ఆ సంస్థవారు మొదట ఉపాధ్యాయులకు, దుకాణదారులకు, పొదుపు సంఘముల నాయకులకు చెప్పిరి. ఋణము తీసికొన్నవారు తీసికొననివారికంటె నేడు రెట్లధికముగ నా వార్తను ఇతరులకు చేరవేయు స్వభావము గలవారని తేలెను. అయినను, తాము ఋణము తీసికొనకయే ఇతరులకు చెప్పినవారి మూలమున గూడ దాదాపు మూడవవంతు వ్యాప్తి జరిగెనట. తమకక్కఱ లేకున్నను చెప్పిన నోళ్లవి! నాకు స్థలము అక్కఱ లేదు. కావుననే నేను నోరు మెదపలేదు.

వారే 2019లో ప్రకటించిన మఱియొక పరిశోధన యింకను చిత్రమైనది. కర్ణాటకలోని 213 గ్రామములలో నొక వార్తను కొన్ని యూళ్లయందు పెద్దలుగ నెన్నబడువారికి, కొన్ని యూళ్లయందు “మాట చెప్పిన నలుగురికి చేరవేయగలవా”రని గ్రామస్థులే పేర్కొన్నవారికి చెప్పిరి. ఈ రెండవవారి మూలముననే వార్త యెక్కువమందికి చేరెను. పెద్దఱికము వేఱు, మాటను నడిపించుట వేఱు. అయినను మనము సభ జరిగినప్పుడెల్ల పెద్దలకు చెప్పి చేతులు దులుపుకొందుము.

వార్త సరియైన త్రోవను నడచినచో నేమి జరుగునో తెలిసికొనుటకు మనము దూరము పోనక్కఱ లేదు. నెల్లూరు జిల్లాలో 1990లో అక్షరాస్యతోద్యమ మారంభమయ్యెను. పగలెల్ల పనిచేసిన స్త్రీలు రాత్రులందు దీపముకడ గూడి చదువ నేర్చుకొనిరి. దూబగుంట గ్రామమున వర్ధినేని రోశమ్మ మొదలగు స్త్రీలు తమ యూర సారా దుకాణము నుండనీయమని యెదిరించి నిలిచిరి. ఆ కథ వాచకములోని పాఠమై ఇతర గ్రామముల రాత్రిబడులకు పోయెను. చదువ రానివారు చదువ వచ్చినవారి నోట వినిరి. బోరింగుకడ, చేనిగట్టున, పుట్టినింటికి పోయిన చోట చెప్పుకొనిరి. 1992 నాటికి సారా పాటలను జరుగనీయక స్త్రీలే యడ్డుకొనునంతటి బలమేర్పడెను. 1993 అక్టోబరు 1వ తేదీనుండి రాష్ట్రమంతటను సారా నిషేధింపబడెను. అటుపిమ్మట 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము 1997లో సడలింపబడిన మాట నిజమే. శాసనము నిలిచెనా లేదా యనునది వేఱు విచారణ. ఎన్నడును సభ కెక్కనివారు సభనే కదలించిరి. వారినెవ్వరును “శ్రద్ధ లేనివార”ని యనలేకపోయిరి.

“ఇప్పుడింటింట సెల్‌ఫోనున్నది, వాట్సాప్ సంఘములో నొక వ్రేలితో నూరికంతటికి తెలుపవచ్చును గదా” యని కొందఱందురు. ఈ వాదమును తేలికగా త్రోసివేయరాదు. దూరదేశములలో నున్న మనవారు సైత మిట్లు గ్రామవార్తలను తెలిసికొనుచున్నారు. అయినను ఆ సంఘమున నెవరిని చేర్చిరో చూడుడు. రచ్చబండపై ప్రక్కప్రక్కన కూర్చుండువారే యందును ప్రక్కప్రక్కన నుందురు. ఇంటి కొక్క ఫోనున్నచోట నది పురుషుని జేబులో నుండును. చదువ రాని తల్లికి వ్రాత వచ్చియు రానట్లే. అంతేగాక, అబద్ధమును నీ త్రోవనే పరుగెత్తును. 2018లో పిల్లల నెత్తుకొనిపోవువారు వచ్చిరను పుకారు ఫోనులలో వ్యాపించి, పెక్కు రాష్ట్రములలో నిరపరాధులు ప్రాణములు గోల్పోయిరి. ఆ సంవత్సరము జూలైలో వాట్సాప్ సంస్థవారు మన దేశమున నొక సందేశమును ఒక్కమారుగ నైదు చోట్లకు మించి పంపరాదని హద్దు పెట్టిరి. జోగులాంబ గద్వాల జిల్లాలో పోలీసువారు గ్రామగ్రామమునకు పోయి, జనులతో ముఖాముఖి మాటలాడి, పాటలు పాడి యా భయమును పోగొట్టజూచిరి. ఫోను పుట్టించిన భయమును మనిషి ముఖము చూచియే జనులు విడిచిరి.

కావున నేను చెప్పదలచినది స్వల్పమే. సభకు రానివానిని నిందించుటకు ముందు, అతనికి వార్త యెవరి నోట చేరియుండవలెనో విచారింపుడు. చాటింపు కూలివారిండ్లకు తిరిగి వచ్చు వేళను వేయింపుడు; కాలువ దాటించి వేయింపుడు. “మీ వీధిలో నలుగురికి మాట చెప్పువారెవ”రని ఆ వీధివారినే యడిగి, వారికి ముందుగ తెలుపుడు. సభను పనిదినపు మధ్యాహ్నమున గాక, పని మాని రానక్కఱలేని వేళ నుంచుడు.

ప్రియ విద్యార్థులారా, మీలో ప్రతివారును ప్రతి సాయంకాలము ఒక్కొక్క వీధికి, ఒక్కొక్క పేటకు, ఒక్కొక్క పల్లెకు పోవుదురు. ఇన్ని త్రోవలు ఒక్క ముంగిట కలియు చోటు మన గ్రామములలో బడి తప్ప వేఱొండు లేదు. ఆ యమ్మ నన్నడిగిన నాటినుండి గ్రామసభ యనగానే నేను నల్లబల్లపై తేదీయు, వేళయు, విషయమును వ్రాయుచున్నాను. మీరు నోటుపుస్తకమున నెక్కించుకొని, యింట చదివి వినిపించి, ప్రక్క యింటను చెప్పి రావలయును. విన్నదానిని విన్నట్లుగనే చెప్పుడు, తెలియనిదానిని తెలియదనుడు. తరువాతి గ్రామసభకు పేటనుండి ముప్పదిమందికి పైగా వచ్చిరి. వారు కోరినవన్నియు జరుగలేదు. అయినను వారి ప్రశ్నలు సభ పుస్తకమున వ్రాయబడినవి. ఆ యమ్మ ముందు వరుసనే కూర్చుండెను. ఆనాడు “శ్రద్ధ లేద”ని పలికిన పెద్దమనిషియు నచ్చటనే యుండెను. ఈమారు నేను తల యూచుటకు ఆయన యేమియు ననలేదు.