చచ్చిన కాలేజీలో బ్రతికిన రాళ్ళు

చెన్నపట్నంలో తరతరాలుగా కాపురమున్న మన కుటుంబాలలో ఒక సంగతి మేము చాలాకాలంగా గమనిస్తున్నాము. ఊరినుంచి చుట్టాలు వస్తే మెరీనా సముద్రపుటొడ్డు చూపిస్తాము, పాండీబజారు తిప్పుతాము, రైలెక్కించి ఇంటికి వస్తాము. ఎగ్మూరులో పాంథియన్ రోడ్డు మీద ఉన్న ప్రభుత్వ మ్యూజియం మాత్రం ఎవరికీ గుర్తు రాదు. అడిగితే, “చిన్నప్పుడు బడివాళ్ళు తీసుకుపోయారు లెండి, తిమింగలం ఎముకలున్నాయి” అని ఊరుకుంటారు.

మన పెద్దవాళ్ళకు అది మ్యూజియం కాదు, ‘సెత్త కాలేజి’. అనగా చచ్చిన కాలేజీ. ఈ అరవమాట వెనుక కొంత చరిత్ర ఉన్నది. 1851లో ఈ మ్యూజియం పుట్టినది కాలేజీ రోడ్డులోని ఒక కాలేజీ ఆవరణలోనే. 1854లో ఎగ్మూరుకు మారింది. మొదటి అధికారి ఎడ్వర్డ్ బాల్ఫర్ దొర అక్కడే జంతువులను కూడా పెంచాడు. ప్రాణమున్న జంతువుల చోటు ‘ఉయిర్ కాలేజి’ అయింది, ఎముకలూ రాళ్ళూ ఉన్న చోటు ‘సెత్త కాలేజి’ అయింది. జంతువులు తరువాత వేరే చోటికి తరలిపోయాయి. పేరు మాత్రం జనం నోట నిలిచిపోయింది.

గతమాసంలో ఒక ఆదివారం మన సంఘంలోని ఒక కుటుంబంతో కలిసి మేము అక్కడికి వెళ్ళాము. డెబ్భై ఎనిమిదేండ్ల అవ్వ, ఆమె కోడలు, పదకొండేండ్ల మనవడు. అవ్వకు తెలుగు తప్ప వేరే చదువు రాదు. మనవడు ఇంట్లో తెలుగు మాట్లాడుతాడు గాని, చదవడం వ్రాయడం అరవంలోనూ ఇంగ్లీషులోనూ. అవ్వకు వచ్చిన అక్షరాలు మనవడికి రావు, మనవడికి వచ్చినవి అవ్వకు రావు. పాఠకులలో చాలామంది ఇండ్లలో పరిస్థితి ఇదే గదా!

అమరావతి శిల్పాలున్న చోట ఒక గుండ్రని పలక ముందు నిలిచాము. పిల్లవాడు పక్కనున్న చీటీ గడగడా చదివి, ఏదో ఏనుగు కథ అని తేల్చి, ముందుకు కదలబోయాడు. అవ్వ కదలలేదు. చీటీకేసి చూడనూ లేదు. కొంతసేపు రాతినే చూసి, వాడి చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది.

“ఒరే నాయనా, ఇటు చూడు. మదమెక్కిన ఏనుగు వీధిలో పడింది. ఒకణ్ణి తొండంతో పట్టుకుంది. మేడమీద కిటికీల్లోనుంచి జనం తొంగి చూస్తున్నారు. పాపం, ఈ ఆడమనిషి భయపడి పక్కవాడిమీదికి ఒరిగింది.”

“మరి ఇక్కడ ఇంకో ఏనుగు మోకరిల్లిందే అవ్వా?”

“ఇంకోటి కాదురా, అదే ఏనుగు. ముందు పరుగెత్తింది, తరువాత ఆ స్వామి ఎదుట అణిగింది. తోలుబొమ్మలాటలో ఒక్క రావణుణ్ణే ఎన్నిసార్లు తెరమీదికి తెస్తారు, అట్లా అన్నమాట.”

“చీటీ చదవకుండా నీకెట్లా తెలిసింది?”

“చదివేదేముంది, కనబడుతూనే ఉంది గదా!”

అవ్వ చెప్పినదంతా సరియైనదే. రాజగృహంలో బుద్ధుని మీదికి వదిలిన నలగిరి అనే ఏనుగు ఆయన ముందు తలవంచిన కథ అది. రెండు ఘట్టాలనూ శిల్పి ఒకే చక్రంలో ఇమిడ్చాడు. ఆ తరువాత ఆ పిల్లవాడు ఏ రాతినీ ఒక్క నిమిషంలో వదలలేదు. తాను చీటీ చదివి పేరు చెప్పడం, అవ్వ రాతిని చూసి కథ చెప్పడం. ఇద్దరూ కలిస్తేగాని చదువు పూర్తి కాలేదు.

ఈ రాళ్ళు మన గడ్డకు ఎట్లా చేరాయో కూడా పిల్లలకు చెప్పవలె. కృష్ణానది ఒడ్డున అమరావతిలో సుమారు రెండువేల ఏండ్లనాటి మహాస్తూపాన్ని అలంకరించిన పలకలివి. పాలరాయి అని పేరు పడింది గాని, నిజానికి పలనాటి సున్నపురాయి. 1797 ప్రాంతంలో కాలిన్ మెకంజీ దొర ఆ దిబ్బను చూసేనాటికే జనం రాళ్ళు తీసుకుపోయి ఇండ్లకూ మెట్లకూ వాడుకుంటున్నారు. 1845లో వాల్టర్ ఇలియట్ దొర తవ్వించి చాలా పలకలను చెన్నపట్నం తెప్పించాడు. అవి ఏండ్ల తరబడి ఎండకు ఎండి, వానకు తడిసి, 1859లో లండనుకు ఓడ ఎక్కాయి. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. తరువాత 1877లో రాబర్ట్ సివెల్, 1881లో జేమ్స్ బర్జెస్ జరిపించిన తవ్వకాలలో దొరికినవి ఎన్నో ఎగ్మూరుకు చేరాయి. వాటిని గురించి ఇక్కడ పనిచేసిన సి. శివరామమూర్తిగారు 1942లో పెద్ద గ్రంథమే వ్రాశారు.

ఇంకొక ముచ్చట. అమరావతి రాతిపలక ఒకదానిమీద ‘నాగబు’ అనే మాట ఉన్నదని, అది తెలుగుమాటే అని వేటూరి ప్రభాకరశాస్త్రిగారు గుర్తించారు. పండితులందరూ ఒప్పుకోకపోవచ్చు. అయినా, రాతిమీద దొరికిన మొదటి తెలుగుమాట అదే అని మనవాళ్ళు చెప్పుకుంటూనే ఉన్నారు. మన మాట ఎంత పాతదో పిల్లవాడికి చెప్పాలంటే ఇంతకన్న తగిన చోటు ఏది?

అదే ఆవరణలో గులాబిరంగు రాతితో కట్టిన చిత్రశాల భవనం ఉన్నది. హెన్రీ ఇర్విన్ దొర రూపకల్పన చేసిన ఈ కట్టడం 1909లో విక్టోరియా స్మారక మందిరంగా ప్రారంభమై, 1951లో నేషనల్ ఆర్ట్ గ్యాలరీ అయింది. ఆ రాయి వచ్చినది మన సత్యవేడునుంచి. ఈ మాట వినగానే కోడలు గోడను మళ్ళీ చూసింది, ఆమె పుట్టినిల్లు సత్యవేడు దగ్గరే మరి!

ఓపిక ఉన్నవారు ఇంకొకనాడు సెయింట్ జార్జి కోటకు వెళ్ళవచ్చు. 1795 నాటి భవనంలో 1948 నుంచి అక్కడ మ్యూజియం ఉన్నది. కుంపిణీవారి కత్తులు, నాణేలు, పటాలు చూస్తూ ఒక సంగతి మరువరాదు. 1639లో ఆ ఇసుకనేలను ఫ్రాన్సిస్ డే దొరకు ఇప్పించినది దామెర్ల వెంకటాద్రి నాయకుడు. ఆయన తండ్రి చెన్నప్ప నాయకుని పేరనే చెన్నపట్నం వెలసింది. ఈ తీరాన మనం నిన్న మొన్న వచ్చి దిగినవాళ్ళం కాము. అట్లా అని ఇది మన ఒక్కరి ఊరూ కాదు. అరవవారితో కలిసి పెంచుకున్న ఊరు.

వెళ్ళదలచినవారికి నాలుగు మాటలు. రెండు మ్యూజియంలకూ శుక్రవారం సెలవు. పొద్దుటే వెళ్ళండి, ఎండ తక్కువ. అంతా ఒక్కనాడే చూడాలని తొందరపడవద్దు, ఐదు రాళ్ళు బాగా చూస్తే చాలు. శిల్పాలను చేతితో తాకనివ్వవద్దు. అన్నిటికన్న ముఖ్యం, ఇంట్లోని పెద్దవాళ్ళను విడిచిపెట్టి వెళ్ళవద్దు. మెట్లు దిగేటప్పుడు మన అవ్వ రెండుచోట్ల కూర్చుంది. “వచ్చే ఏడు ఈ మోకాళ్ళు రానిస్తాయో లేదో” అన్నది. రాళ్ళు ఇంకా వెయ్యేండ్లు ఉండవచ్చు. వాటి కథ తెలుగులో చెప్పేవాళ్ళు మన ఇండ్లలో ఎన్నాళ్ళుంటారు?

బస్సు కోసం నిలుచున్నప్పుడు పిల్లవాడు టికెట్టు వెనుకవైపు తిప్పి, “అవ్వా, ఏనుగు అని తెలుగులో ఎట్లా వ్రాస్తారు?” అని అడిగాడు. అవ్వ కళ్ళద్దాలు సవరించుకుని మూడక్షరాలు వ్రాసి ఇచ్చింది. ఇంటికి చేరేలోగా వాడు దానికింద పదిసార్లు దిద్దాడు. ‘నుగు’ బాగానే కుదిరింది. ‘ఏ’ మాత్రం ఇంకా సరిగా రావడం లేదట. మళ్ళీ ఆదివారం అవ్వ దిద్దిస్తానన్నది.

వచ్చే మాసం పులికాటు వెళ్ళి డచ్చివారి పాత సమాధులు చూసి వద్దామనుకుంటున్నాము. రాదలచినవారు పిల్లలతోనూ, పెద్దలతోనూ రండి.