వినయము దాస్యము గాదు

గోదావరిఖని చౌరస్తాలోని తేనీటి దుకాణములయందు ఒక వాదము తరచుగా వినవచ్చుచున్నది. "మనది వేలయేండ్ల నాగరికత. దుబాయి పోయినను డల్లాసు పోయినను మనము మనవలెనే యుండవలెను. పరుల యాచారములకు తలయొగ్గుట దాస్యము" అని. వినుటకు వీరవాక్యమే. విచారించి చూచినచో నిందు పౌరుషముకంటె అజ్ఞానమే మెండు.

ఈ అజ్ఞానమునకు మూల్యము చెల్లించువా రెవ్వరు? ఈ ప్రాంతమున గల్ఫు దేశములకు పోయినవారు లేని పల్లె అరుదు. మన యింట మాంసపుకూరలో నూరివేయు గసగసాలు ఐక్య అరబ్బు ఎమిరేట్లలోను సౌదీ అరేబియాలోను నిషిద్ధద్రవ్యము. తల్లి ప్రేమతో పచ్చళ్లనడుమ మూటగట్టి యిచ్చిన పిడికెడు గింజలు కుమారుని విమానాశ్రయమునుండి చెరసాలకు నడిపింపగలవు. ఎమిరేట్లలో అనుమతి లేక పరస్త్రీల ఛాయాచిత్రము తీయుటయు నేరమే. "నేనెఱుగను" అనునది న్యాయస్థానమున చెల్లు సమాధానము గాదు. ఇరువదియేండ్లుగా నల్లకోటు తొడుగుచున్న మేము ఈ మాట చెప్పుటకు అర్హులమే. ఇచట చౌరస్తాలో మీసము దువ్వువా డొకడు. అచట శిక్ష ననుభవించువాడు మఱియొకడు!

తలవంచిన వారెల్ల దాసులే యగుదురా? 1893లో డర్బను మేజిస్ట్రేటు న్యాయస్థానమున తలపాగా తీయుమనగా, యువకుడైన గాంధి నిరాకరించి లేచిపోయెను. మఱుసటి యేడు నేటాలు ఉన్నతన్యాయస్థానమున న్యాయవాదిగా ప్రమాణము చేసినపుడు, ప్రధానన్యాయమూర్తి అచటి సభామర్యాదను జ్ఞప్తి చేయగా, అదే తలపాగాను తానే తీసివేసెను. మిత్రులు నొచ్చుకొనిరి. ఐనను పెద్ద పోరాటములకై తన బలమును దాచుకొనవలెనని ఆయన నిశ్చయించుకొనెను. నేటాలు ఇండియను కాంగ్రెసును స్థాపించినదియు ఆ 1894లోనే. తలపాగా తీసినవాడు తల తాకట్టుపెట్టలేదు, సామ్రాజ్యమునే ఎదిరించెను.

కావున మేము చెప్పు వినయము పిఱికితనము గాదు. యజమానుడు కార్మికుని పాసుపోర్టును లాగికొని తనయొద్ద నుంచుకొనుట ఎమిరేట్లలో చట్టవిరుద్ధము. అట్టి చోట వంగుట వినయము గాదు, నష్టము. ఆచారమునకు తలవంచవలెను, అన్యాయమునకు వంచరాదు. అయితే ఆ దేశపు చట్టమును, భాషను, మర్యాదను ముందుగ తెలిసికొననివాడు ఎచట వంగవలెనో, ఎచట నిలువవలెనో ఎట్లు నిర్ణయించుకొనును? గర్వి కీ వివేకము కలుగదు. ఏలయన నేర్చుకొనవలసిన దేదియు లేదని వాడు ముందే తీర్మానించుకొనెను.

ఇక మన గుమ్మము సంగతి. గోదావరిఖని ఎవరి ఊరు? 1960 దశకమున బొగ్గుగనులు తెరచిన పిమ్మట నలుదిక్కులనుండి వచ్చినవారి చెమటతో వెలసిన పట్టణమిది. నేడును బీహారు, ఒడిశా, ఉత్తరప్రదేశములనుండి కూలీలు వచ్చి మన నడుమ బ్రదుకుచున్నారు. వారి వచ్చీరాని తెలుగును వెక్కిరించి, వారి రొట్టెను, ఛఠ్ పూజను ఎగతాళి చేయు నోళ్లే "అరబ్బువాడు మమ్ము చిన్నచూపు చూచినా" డని వాపోవుట ఏమి న్యాయము? ఇంట నేర్వని మర్యాద విమానమెక్కగానే అబ్బునా?

పాఠకమహాశయులారా! ఇందులకు వ్యయముతో పనిలేదు. మన గ్రంథాలయములలో నెలకొక సాయంకాలము, గల్ఫునుండి తిరిగివచ్చిన అనుభవజ్ఞుని ఒకని కూర్చుండబెట్టి, పయనమగు యువకులకు పది అరబ్బీ మాటలు, వెంట తీసికొనిపోరాని వస్తువులు, అచటి నోములు పండుగల మర్యాదలు, కార్మికుని హక్కులు చెప్పింపుడు. మన బస్తీలోని బీహారు కూలీని ఆహ్వానించి అతని పండుగను గూర్చి అడుగుడు. పరుని గడపయొద్ద పాదరక్షలు విడుచువాడు తన పాదములను పోగొట్టుకొనడు.