ఓటీపీ కాదు సార్, కల్చర్!

అమ్మ యూరిన్ కల్చర్ రిపోర్ట్ రెండు రోజులైనా రాలేదని ల్యాబ్‌కి ఫోన్ చేసి గొడవపడ్డా. ‘వెంటనే రావడానికి ఓటీపీ కాదు సార్, పెరగాలి కదా’ అన్నాడు టెక్నీషియన్.

నిజమే! శాంపిల్‌ని అగార్ ప్లేట్ మీద రాసి, 37 డిగ్రీల వేడిలో రాత్రంతా ఉంచుతారు. కంటికి కనిపించని బ్యాక్టీరియా లక్షలకొద్దీ పెరిగి చుక్కలా తేలుతుంది. అదే కాలనీ. దాన్ని ఇంకో ప్లేట్ నిండా పరిచి, యాంటీబయాటిక్ బిళ్లలు పెడతారు. మర్నాటికి బిళ్ల చుట్టూ తగినంత వెడల్పుగా ఖాళీ వలయం వస్తే, ఆ మందు పనిచేస్తుందన్నమాట.

మాకు మాత్రం ఏమీ పెరగలేదని రిపోర్ట్ వచ్చింది. అమ్మకి జ్వరం అలాగే ఉంది. తప్పు నాదే! శాంపిల్ ఇవ్వకముందే ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ వేసేశా. మీరలా చేయకండి. ముందు శాంపిల్, డాక్టర్ చెప్పాకే మాత్ర!