ఇస్లాహ్ అంటే తౌహీన్ కాదు



కొన్నేళ్లుగా మన వాళ్ల ముసవ్విదాలు నా దగ్గరికి వస్తున్నాయి. కథలు, గజళ్లు, ఆత్మకథలు, ఊరి ముస్లింల తారీఖ్. తెచ్చినవాళ్లు చాలావరకు ఒకటే మాట అంటారు. "భాయ్, ఒక నజర్ వేసి పేష్‌లఫ్జ్ రాసివ్వండి, వచ్చే ఇత్వార్ రస్మె ఇజ్రా పెట్టుకున్నాం." అంటే హాల్ బుక్కయింది, దావత్‌నామా అచ్చయింది, బిర్యానీకి బయానా ఇచ్చేశారు. ఇక నా నజర్‌తో పనేముంది? కావాల్సింది తారీఫ్ మాత్రమే.

"అచ్చుకి ముందు ఎవరైనా ఎడిటర్‌కి చూపించారా?" అని అడిగితే ముఖం మారిపోతుంది. నేనేదో వాళ్ల ఖాన్‌దాన్ గురించి అడిగినట్టు చూస్తారు. "నా తహ్రీర్ మీద కలం పెట్టడానికి ఆయనెవరు సాబ్?" అంటారు.

ఈ మాట ఉర్దూ ఎరిగిన ఇళ్లలోంచి వస్తుంటే నాకు మరీ ఆశ్చర్యం. ఇస్లాహ్ అనేది మన దగ్గర ఎంత ఇజ్జత్ ఉన్న పనో మర్చిపోయారా? షాగిర్ద్ గజల్ రాసి ఉస్తాద్ ముందు పెట్టేవాడు. ఉస్తాద్ ఒక లఫ్జ్ కొట్టేసి ఇంకోటి రాసేవాడు, లేదా షేరు మొత్తం తీసేసేవాడు. హైదరాబాద్‌లో దాగ్ దెహ్లవీ ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్‌కి ఉస్తాద్. అంటే గద్దె మీదున్న బాద్‌షా తన షేర్లు దిద్దించుకున్నాడు. యువకుడు ఇక్బాల్ పంజాబ్ నుంచి అదే దాగ్‌కి టపాలో గజళ్లు పంపి ఇస్లాహ్ తీసుకున్నాడు. దాగ్ 1905లో హైదరాబాద్‌లోనే ఇంతెఖాల్ అయ్యారు. మజార్ నాంపల్లిలో యూసుఫైన్ దర్గా దగ్గరుంది. ఆ దారిన రోజూ పోయేవాళ్లే, "నా రాతని ముట్టుకోవద్దు" అంటున్నారు.

గాలిబ్ సంగతి ఇంకా చిత్రం. 1841లో తన ఉర్దూ దీవాన్ అచ్చువేసేటప్పుడు యవ్వనంలో రాసిన షేర్లలో చాలావాటిని పక్కన పెట్టేశాడు. 1821 నాటి ఒక రాతప్రతి భోపాల్‌లో దొరికి, 1921లో 'నుస్ఖా-ఎ-హమీదియా'గా వెలువడితేగానీ ఎన్ని వదిలేశాడో లోకానికి తెలీలేదు. మనకి మాత్రం మొహల్లా సువనీర్‌లో వేసిన నాలుగు లైన్ల శుభాకాంక్షలు కూడా కితాబ్‌లో ఉండాల్సిందే.

మన వాళ్లలో చాలామందికి ఎడిటింగ్ అంటే ప్రూఫ్ రీడింగ్. దీర్ఘాలు, ఒత్తులు సరిచూడడం. అది డీటీపీ అయ్యాక చేసే ఆఖరి పని. ఎడిటర్ పని అంతకు చాలా ముందు మొదలవుతుంది. ఈ కథ ఎవరిది? ఎక్కడ మొదలవ్వాలి? ఈ అధ్యాయం ఎందుకుంది? మొదట ఆ సవాళ్లు. తర్వాత వాక్యాలు. ఆ తర్వాత చిన్న చిన్న లెక్కలు: ఒక పేజీలో 'దువా', ఇంకో పేజీలో 'దుఆ', ఒకచోట 'ఖురాన్', ఇంకోచోట 'ఖుర్ఆన్' అని ఉంటే, ఏది ఉంచాలో ఒక జాబితా రాసుకుని కితాబ్ అంతా ఒకేలా చేయడం. తెలుగు లిపిలో మన ఉర్దూకి ఇది మరీ జరూరీ. జీమ్‌తో రాసే 'జలీల్' అంటే గొప్పవాడు. జాల్‌తో రాసే 'జలీల్' అంటే నీచుడు. తెలుగులో రెండూ ఒక్కటే! ఏ జలీల్ అన్నది పక్క వాక్యమే చెప్పాలి. చెప్తోందా లేదా అని చూసేవాడు ఒకడుండాలి కదా.

నా దగ్గరికొచ్చిన ఒక ఆత్మకథ గురించి చెప్పాలి. రిటైరైన టీచర్ సాబ్ రాసింది, రెండొందల నలభై పేజీలు. మొదటి అరవై పేజీలు షజ్రా: తాతల తాతలు, ఎవరు ఎక్కడినుంచి వచ్చారు, ఎవరికి ఏ నవాబు ఇనాం ఇచ్చాడు. నూట నలభయ్యో పేజీ దాటాక వాళ్ల అమ్మీ వస్తుంది. చాటలో తునికాకు, చేతిలో కత్తెర, ఒళ్లో పసిపిల్ల. వెయ్యి బీడీల లెక్క తేలక సేటు గుమస్తా కొన్ని కట్టలు వెనక్కి విసిరేస్తే, రాత్రి చిమ్నీ వెలుతురులో మళ్లీ కూర్చున్న తల్లి. అలాంటివి ఎనిమిది పేజీలు. అంత నిజమైన తెలుగు గద్యం ఈమధ్య చదవలేదు. "సాబ్, ఇక్కడ మొదలుపెట్టండి, ఎడిటర్‌తో ఆర్నెల్లు కూర్చోండి" అని బతిమాలాను. "ఖాన్‌దాన్ ముందు రావాలి మియా" అన్నారు. అలాగే అచ్చయింది. శాలువాలు కప్పారు. ఇప్పుడాయన లేరు, అల్లా మగ్ఫిరత్ చేయాలి. కట్టలు పిల్లల ఇంట్లో దివాన్ కింద ఉన్నాయి. షజ్రా దాటి ఆ అమ్మీ దాకా చేరిన పాఠకుడు నాకింకా కనపడలేదు. మన బీడీ తల్లుల జిందగీ రాయగలిగిన మనిషి ఒక్కసారే రాశాడు. ఆ ఒక్కసారీ అలా పోయింది.

ఇక్కడ నాకొచ్చే జవాబు తెలుసు. "ఎడిటర్ల చేతిలో పెడితే మన జబాన్ కడిగేస్తారు." అబద్ధం అనను. నా కథల ముసవ్విదా ఒక ప్రచురణ సంస్థకి ఇస్తే, తిరిగొచ్చిన ప్రతిలో 'జనాజా' శవయాత్ర అయింది, 'ఖబరస్తాన్' శ్మశానం అయింది, 'నానీమా' అమ్మమ్మ అయిపోయింది. కాల్చేచోటికీ పూడ్చేచోటికీ తేడా తెలియనివాడు నా కథలో చావుని దిద్దాడు! ఒక్కొక్కటీ మళ్లీ నా లఫ్జే రాసి, పక్కన ఎందుకో రాసి వెనక్కి పంపాను. వాళ్లు ఒప్పుకోలేదు. కితాబ్ వెనక్కి తెచ్చుకున్నాను.

కానీ అది ఎడిటింగ్ కాదు, ఇస్త్రీ. ఇస్త్రీవాడు చొక్కా కాల్చాడని దర్జీ దగ్గరికే పోనంటామా?

తర్వాత వేరే ఎడిటర్‌తో పనిచేశాను. ఆమె ఒక్క ఉర్దూ మాటా మార్చలేదు. ప్రశ్నలే వేసింది. నా కథలో ఒకబ్బాయికి తన ఖాలా కూతురితో నికాహ్ అవుతుంది. మన ఇళ్లలో మామూలే. ఆమె మార్జిన్‌లో రాసింది: "తెలుగు పాఠకుడు ఖాలా అంటే పిన్ని అనుకుంటాడు. పిన్ని కూతురంటే వాడికి చెల్లెలు. కథ అక్కడే ఆగిపోతుంది. మీకు సమ్మతమేనా?" పాత ఎడిటరైతే 'ఖాలా'ని 'అత్త' చేసి తప్పించుకునేవాడు. అప్పుడు ఖాలా, ఫుప్పూ, ముమానీ, సాస్ అందరూ ఒకే అత్తలో కలిసిపోయేవాళ్లు. ఈమె అలా చేయలేదు, ఫుట్‌నోటూ పెట్టలేదు. కథలో నిఖాకి వచ్చిన పొరుగింటి రెడ్డిగారావిడ చేత ఒక్క మాట అనిపిద్దామా అని అడిగింది. అనిపించాను. ఆమె ముక్కున వేలేసుకుంటుంది, మా దాదీ నవ్వుతుంది. కథలో అందరికీ నచ్చేది ఇప్పుడు ఆ చోటే.

ఆమె ముస్లిం కాదు. అదీ అడుగుతారు కాబట్టి చెప్తున్నా. గాలిబ్ ఖతూత్‌లో ఇస్లాహ్ అందుకున్న ప్యారా షాగిర్ద్ మున్షీ హర్‌గోపాల్ తఫ్తా. అక్కడ ఎవరూ మజహబ్ అడగలేదు. ఎడిటర్‌కి మన ఇల్లు తెలిసుండాలని లేదు, తెలియనప్పుడు అడిగే అలవాటుంటే చాలు. మీకూ ప్రతి దిద్దుబాటుకీ హా అనాల్సిన పన్లేదు. 'నా' అనొచ్చు, ఎందుకో చెప్పాలంతే. ముందే ఒక పది పేజీలు ఇచ్చి చేయించి చూడండి. మీ నానీమా అమ్మమ్మ అయ్యి వస్తే సలాం చెప్పి లేచి రండి.

ఇక పైసల మాట. "ఎడిటర్‌కి డబ్బులా?" అంటారు. హాలుకిస్తాం, ఫ్లెక్సీకిస్తాం, వీడియోవాడికిస్తాం. మీ రాతని నెలలపాటు లైను లైనూ చదివే మనిషికి మాత్రం "దువాల్లో యాద్ ఉంచుకుంటాం". నా హిసాబ్ చెప్తా: రస్మె ఇజ్రాలో ఒక పూట బిర్యానీ మానేయండి, చాయ్, ఉస్మానియా బిస్కెట్ చాలు. మిగిలింది ఎడిటర్‌కివ్వండి.

ఇంకో మాట, ఇది అమ్మానాన్నలకి. మీ ఇంట్లో బీఏ, ఎంఏ తెలుగు చదివిన అమ్మాయో అబ్బాయో ఉంటారు. ఇంట్లో ఉర్దూ వింటూ పెరిగారు, కాలేజీలో తెలుగు వ్యాకరణం చదివారు. ఈ పనికి అలాంటివాళ్లే కావాలి. "తెలుగు చదివి ఏం చేస్తావ్, డీఎస్సీ రాకపోతే?" అని రోజూ దెప్పకండి. ముందు మీ బంధువుల్లో ఎవరి ముసవ్విదా ఉన్నా ఆ పిల్ల చేతిలో పెట్టండి, ఎర్ర పెన్ను ఇవ్వండి. పని అయ్యాక మజూరీ కూడా ఇవ్వండి, ఈదీ కింద కలిపేయకుండా.