ఏ గుడికి వెళుతున్నారు?

మన ఆడవాళ్ళు గడప దాటి పొరుగూరికి బయలుదేరాలంటే వొక కారణం చూపించాలి. పెళ్ళి అనండి, పురుడు అనండి, పుష్కరాలు అనండి, పోనీ పరామర్శ అనండి, ఎవరూ అడ్డు చెప్పరు. “వూరికే చూసివద్దామని” అంటే మాత్రం ఇంటిల్లిపాదీ ముఖముఖాలు చూసుకుంటారు. అందులోనూ తల్లీ కూతుళ్ళు ఇద్దరే, చేతిలో పసుపు కుంకుమల సంచి లేకుండా, ఏ ఆస్పత్రి చీటీ లేకుండా రైలెక్కుతామంటే మరీ విడ్డూరం. పెళ్ళయిన కూతురు తల్లి పక్కన కూర్చుని ప్రయాణం చేసేది రెండే సందర్భాలలో. కూతురు పురిటికి వచ్చేటప్పుడు వొకసారి, తల్లి కంటికి శుక్లాలు తీయించేటప్పుడు ఇంకోసారి. ఈ రెంటికీ మధ్య ముప్ఫై ఏళ్ళు గడిచిపోతాయి.

అమెరికాలో “గిల్మోర్ గర్ల్స్” అని వొక టీవీ ధారావాహిక వచ్చింది. 2000 నుంచి 2007 దాకా నడిచింది. పదహారో ఏట తల్లి అయిన వొక అమ్మాయి, ఆమె కూతురు, వాళ్ళుండే చిన్న వూరు, ఇదే కథ. ఆ వూరు భూమ్మీద ఎక్కడా లేదు. కాలిఫోర్నియాలో స్టూడియో ఆవరణలో కట్టిన సెట్టు అది. అయితే రచయిత్రికి ఆ వూహ కలిగింది కనెక్టికట్ రాష్ట్రంలోని వాషింగ్టన్ అనే పల్లెలో బస చేసినప్పుడట. అంతే, తల్లులు, కూతుళ్ళు జంటలు జంటలుగా ఆ పల్లెకు ప్రయాణం కట్టారు. 2016లో అభిమానులంతా అక్కడ చేరి పెద్ద సంబరమే చేసుకున్నారు.

డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి ఈ సంగతి చెబుతూంటే, మా అమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ వింది. విని, “మనకి అల్లాటి వూరేదీ లేదుటే?” అన్నది.

లేకేం? శ్రీకాకుళంలో కాపురమున్న మాకు డెబ్భై కిలోమీటర్ల లోపునే వుంది. మా అమ్మకి ప్రాణమైన సినిమా “కన్యాశుల్కం”. 1955లో పి. పుల్లయ్యగారు తీశారు. టీవీలో ఆ బొమ్మ వేసిన రోజున పొయ్యి మీద పాలు పొంగిపోవలసిందే. రామారావుగారి గిరీశాన్ని, సావిత్రి మధురవాణిని ఎన్నిసార్లు చూసిందో లెక్క లేదు. ఆ కథకు పుట్టిల్లు విజయనగరం. గురజాడ అప్పారావుగారు అక్కడి మహారాజా కాలేజీలో పాఠాలు చెప్పారు. నాటకం తొలిసారి 1892లో ఆ వూళ్ళోనే ఆడారు. పుస్తకం 1897లో అచ్చయింది. మనమిప్పుడు చదివేది ఆయన పెంచి తిరగరాసి 1909లో వేసిన ప్రతి. ఈ వూరి పేరు మా అమ్మ వెయ్యిసార్లు వినివుంటుంది. రెండు పెళ్ళిళ్ళకు, పైడితల్లి అమ్మవారి సిరిమానుకు వెళ్ళివచ్చింది కూడా. వూరు మాత్రం చూడలేదు.

“ఏ గుడికి?” అన్నారు నాన్నగారు. గుడికి కాదన్నాం. “అయితే రామతీర్థం ఎల్లాగూ దగ్గరేగా” అని ఆయనే వొక కారణం సమకూర్చి సెలవిచ్చారు.

ఆమదాలవలసలో రైలెక్కాం. బండి పొందూరులో ఆగేసరికి అమ్మ లేచి నుంచుంది. “దిగి నాన్నగారికి ఖద్దరు పంచెలచాపు కొనుక్కుపోదామా?” అన్నది. చూశారా! యాభై ఏళ్ళ అలవాటు. వొక్క రోజు తన కోసమని బయలుదేరినా, మొదటి అరగంటలోనే ఎవరి పనో నెత్తి మీద వేసుకోవాలి. చెయ్యిపట్టుకుని కూర్చోబెట్టాను.

విజయనగరంలో ముందుగా కోట దగ్గరకు వెళ్ళాం. 1713 నాటి కోట. ఎదుట బొంకులదిబ్బ. నాటకం తెర లేచేది అక్కడే. పూటకూళ్ళమ్మకు సంతలో సామాను తెచ్చిపెడతానని ఇరవై రూపాయలు పుచ్చుకుని, ఆ డబ్బు వేరే చోట తగలేసిన గిరీశం అక్కడ నుంచునే తనలో తాను గొణుక్కుంటాడు. అబద్ధాలకు పెట్టింది పేరైనవాణ్ణి ప్రపంచం మీదకి వదలడానికి బొంకులదిబ్బ కన్న మంచి చోటు ఎక్కడ దొరుకుతుంది? దుకాణాల మధ్య, ఆటోల మోతలో మా అమ్మ నాలుగు పక్కలా చూసి, “ఇక్కడేనా? వెధవ, ఎక్కడ నుంచునుంటాడో!” అన్నది. నిన్నో మొన్నో పరారైన అద్దెవాడి గురించి అడిగినట్టు అడిగింది.

అక్కడినుంచి గంటస్తంభం. 1885లో కట్టించారు. దాని చుట్టుపట్ల తిరిగి తిరిగి ఆకలి వేసింది. పూటకూళ్ళ ఇళ్ళు పోయి హోటళ్ళు వచ్చాయి కదా, వొక భోజన హోటలులో కూర్చున్నాం. చీపురు పట్టుకుని మధురవాణి ఇంటి మీదకు దండెత్తిన పూటకూళ్ళమ్మ, మంచం కింద గిరీశం, అదే మంచం కింద రామప్పంతులు, ఎవడి దెబ్బలు ఎవడు తిన్నాడో! మా అమ్మ అదంతా చెబుతూ నవ్వింది. విస్తరి ముందు కూర్చుని, ఎవరికీ వడ్డించే పని లేకుండా, మొదటి వాయిలోనే తాను తినడం ఆవిడకు కొత్త. “పప్పులో వుప్పు తక్కువయింది” అని మాత్రం అనకుండా వుండలేకపోయింది.

భోజనమయ్యాక సంగీత కళాశాలకు నడిచాం. 1919లో మొదలయిన ఈ కళాశాలకు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి అధ్యక్షులు. తరవాత ద్వారం వెంకటస్వామినాయుడుగారు. పి. సుశీలమ్మ చదివిందిక్కడే. “కన్యాశుల్కం” సినిమాకు సంగీతం కూర్చిన ఘంటసాలగారు కూడా ఇక్కడి విద్యార్థే. వారాలు కూడా దొరకని రోజుల్లో ఆయన జోలె కట్టుకుని ఈ వీధులలో మధూకరం ఎత్తి చదువుకున్నారు. అది విని అమ్మ, “అయితే ఆ గొంతులో ఈ వూరి ఆడవాళ్ళు పెట్టిన అన్నం కూడా వుందన్నమాట” అన్నది. సంగీతచరిత్ర పుస్తకాలలో ఈ మాట నాకెక్కడా కనిపించలేదు.

చివరికి గురజాడవారి ఇల్లు. కోటకు నడకదూరమే. ఆయన జ్ఞాపకంగా నిలిపివుంచిన ఇల్లు. నా సంచిలో నాటకం పుస్తకం వుంది. 1897 నాటి ముందుమాటలో గురజాడవారు వొక లెక్క ఇచ్చారు. మహారాజావారు విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో జరిగిన శుల్కవివాహాల జాబితా తీయించారట. తేలినవి 1034. పెళ్ళికూతుళ్ళలో అయిదేళ్ళవాళ్ళు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు 6, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ పసికందులకు పలికిన ధర మూడువందలయాభై నుంచి నాలుగువందల రూపాయలు.

ఈ అంకెలు క్లాసులో ఏటా చెబుతాను. పిల్లలు రాసుకుంటారు. మార్కులు వస్తాయి. మా అమ్మ రాసుకోలేదు. కాసేపాగి, “ఆ ముగ్గురి తల్లులూ ఏం చేశారే?” అని అడిగింది.

ఏం చెప్పను? నాటకంలో అయితే వెంకమ్మ వుంది. చిన్న కూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకు కట్టబెడతామంటే నూతిలో దూకిన తల్లి. నవ్వుల మధ్య ఆ నుయ్యిని మనం గమనించం. కరటకశాస్త్రి శిష్యుడికి ఆడవేషం కట్టించిన తమాషా అంతా ఆ నూతిలోంచి పుట్టిందే.

అప్పుడు చెప్పింది మా అమ్మ, ఈ డెబ్భై ఏళ్ళలో చెప్పని సంగతి. 1970లో ఆవిడకు పదహారేళ్ళు. స్కూలు ఫైనలు పరీక్షకు పుస్తకాలు తెచ్చుకున్న రోజునే సంబంధం ఖాయమయింది. చట్టం ప్రకారం తప్పేమీ లేదు. 1929 నాటి శారదా చట్టం ఆడపిల్లకు పధ్నాలుగేళ్ళన్నది, 1949లో పదిహేను చేశారు, 1978లో గాని పద్ధెనిమిది కాలేదు. మా అమ్మమ్మ ఎవరితోనూ వాదించలేదుట. రెండు రోజులు అన్నం ముట్టలేదుట. మూడోనాడు లేచి పెళ్ళికి అప్పడాలు వత్తిందిట. “నాకప్పుడు తెలియలేదే, మా అమ్మకు వొంట్లో బాగులేదనుకున్నాను” అన్నది అమ్మ.

నేను బయట వరండాలో కూర్చున్న ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఓదార్చవలసిన అవసరం కనిపించలేదు. ఆవిడ ఏడవలేదు. నాన్నగారి మీద ఫిర్యాదూ చెయ్యలేదు. “మంచి మనిషే, కాని పరీక్ష రాయవలసింది” అన్నది, అంతే.

ఇదంతా పాతకాలం ముచ్చటని కొట్టిపారేయకండి. సెకండియరులో చక్కగా చదువుతున్న పిల్ల సంక్రాంతి సెలవుల తరవాత క్లాసుకు రాదు. వాకబు చేస్తే, “మంచి సంబంధం వచ్చింది మేడమ్” అని అవతలినుంచి తండ్రిగారు. తల్లి ఫోను దగ్గరకు రాదు. ఆ ఇంట్లో ఎవరు అన్నం మానేశారో నాకు తెలియదు.

తల్లుల దగ్గర ఇల్లాటి మాటలు చాలా వున్నాయి. అవి వంటింట్లో పైకి రావు. అక్కడ కుక్కరు కూత వేస్తుంది, పాలవాడు పిలుస్తాడు. పెళ్ళిపందిట్లో అంతకన్నా రావు. ఏ పనీ లేని చోట ఇద్దరూ పక్కపక్కన కూర్చోవాలి. చూడడానికి ఇద్దరికీ ఇష్టమైనది వొకటి ఎదుట వుండాలి. సినిమా అయినా ఫరవాలేదు, సీరియలు అయినా ఫరవాలేదు. రామాయణం సీరియలు చూసి రామతీర్థం కొండ ఎక్కుతామంటారా, భేషుగ్గా ఎక్కండి.

వొక్క సలహా. పొద్దుటి బండికి బయలుదేరండి. మధ్యాహ్నం వంట సంగతి ఇంట్లోవాళ్ళకు ముందే వొప్పజెప్పండి. సంచిలో వొక మంచినీళ్ళ సీసా, వొక పుస్తకం చాలు. దారిలో ఎవరికీ ఏమీ కొననని అమ్మ చేత ముందే వొట్టు వేయించుకోండి. “ఏ గుడికి?” అని ఎవరైనా అడిగితే, తిరిగివచ్చాక చెబుతామనండి.